నాన్న యెజ్డీకి క్రోమ్ చేయించిన పద్ధతి: ఏ క్రోమ్ అడగాలి, ఎలా అడగాలి

యెజ్డీ బండికి గేరు కాడ, కిక్కు కాడ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, కిందికి దించితే గేరు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీ చేసినన్నాళ్లూ మా నాన్న ఆ కాడను ఎడమ బూటుతో తొక్కుతూనే ఉన్నారు. ఆయన పోయాక బండి మీద పట్టా తీసి చూస్తే, బూటు తగిలే చోట పూత అరిగిపోయి, ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు రంగులు కనబడ్డాయి. నడిమధ్యన తుప్పు పట్టిన ఇనుము. దాని చుట్టూ సన్నగా, గులాబీ రంగులో రాగి. ఆ తర్వాత లేత పసుపు ఛాయతో నికెల్. అన్నిటికీ బయట నీలి ఛాయ కొట్టే క్రోమ్. నేను ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. కరెంటుతో లోహపు పూత వేసే ఎలక్ట్రోప్లేటింగ్ బొమ్మ ఇరవై ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను. ఆ పాఠమంతా రూపాయి బిళ్లంత చోట కళ్లారా చూసింది మాత్రం ఆ రోజే.

ఆ బండిని మళ్లీ నిలబెట్టడానికి దాదాపు ఏడాది హైదరాబాద్‌లో ప్లేటింగ్ షాపులుండే బాలానగర్ చుట్టూ తిరిగాను. ఒక వస్తువు పోగొట్టుకున్నాను కూడా. నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను. మీది పాత బుల్లెట్ కావచ్చు, చేతక్ కావచ్చు, అమ్మమ్మగారింటి ఇత్తడి కుళాయి కావచ్చు, పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. బండి మీద కనబడే క్రోమ్ పొర మందం మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మూడో వంతో, సగమో ఉంటుంది. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది, దాంతో పోల్చుకోండి. అంత పల్చటి పొర దేన్నీ దాచలేదు. మనకు కనబడే అద్దంలాంటి మెరుపు దాని కిందున్న నికెల్‌ది, ఆ నికెల్ కింద పట్టిన పాలిష్‌ది. నికెల్‌కు గాలి తగిలితే కొన్నాళ్లకు మసకబారుతుంది. అది మసకబారకుండా, గీతలు పడకుండా పైన క్రోమ్ కాపలా కాస్తుంది. చిన్నప్పుడు మా వీధికి కళాయి వేసే ఆయన వచ్చేవాడు. గిన్నె తోమడానికి ఆయనకు అరగంట పట్టేది. నవసాగరం చల్లి తగరం పూయడం మాత్రం నిమిషంలో అయిపోయేది. క్రోమ్ పనీ అంతే.

ఏ క్రోమ్ కావాలో తేల్చుకోవడం

నేను మొదటిసారి ఫోన్‌లో క్రోమ్ అని వెతికితే వచ్చినవన్నీ బ్రౌజర్ సంగతులే. పదం ఒకటే, అర్థాలు చాలా ఉన్నాయి. గ్రీకులో క్రోమా అంటే రంగు. 1797లో వోక్లాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సైబీరియా నుంచి వచ్చిన ఒక ఎర్రటి ఖనిజంలో కొత్త లోహాన్ని కనిపెట్టాడు. దాని సమ్మేళనాలు ఒక్కోటి ఒక్కో రంగులో ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. కెంపు ఎరుపు, మరకతం పచ్చదనం ఆ లోహం చలవే. రంగు పేరు లోహానికి వచ్చింది, లోహం పేరు కార్ల మీది తళతళలాడే పట్టీలకు వచ్చింది. ఆ తర్వాత కంప్యూటర్ తెరలు తీర్చిదిద్దేవాళ్లు కిటికీ చుట్టూ ఉండే అంచులను, బటన్లను కూడా క్రోమ్ అనసాగారు. 2008లో వచ్చిన గూగుల్ బ్రౌజర్ పేరు అక్కడిదేనంటారు. పిల్లలకు ఇది చెప్పినప్పుడల్లా వాళ్ల ముఖాలు వెలుగుతాయి. మోనోక్రోమ్, క్రోమోజోమ్ కూడా ఆ గ్రీకు రంగు నుంచి వచ్చినవేనని చెబితే ఇంకా బాగా గుర్తుపెట్టుకుంటారు.

పదం కథ అలా ఉంచి, షాపులో ఉత్తినే "క్రోమ్ చేయండి" అన్నారనుకోండి, అవతలి మనిషి తాను రోజూ చేసే క్రోమే అనుకుంటాడు. అందుకే ఈ తేడాలు తెలిసి ఉండాలి.

హ్యాండిల్, సైలెన్సర్, హెడ్‌లైట్ రింగు లాంటి వాటికి కావాల్సింది డెకరేటివ్ క్రోమ్, అంటే కింద నికెల్ వేసి చేసేది. హార్డ్ క్రోమ్ వేరు. అది హైడ్రాలిక్ రాడ్లకు, అచ్చులకు, ఇంజిన్ భాగాలకు, నేరుగా ఉక్కు మీద ఇరవై మైక్రాన్ల నుంచి వందల మైక్రాన్ల దాకా వేస్తారు. మీ బండి ముందు ఫోర్కు రాడ్ల మీద ఉండేది ఈ హార్డ్ క్రోమే. పూత వేశాక కొలతకు గ్రైండింగ్ కూడా చేయాలి. ఫోర్కు రాడ్లను హ్యాండిల్‌తో కలిపి డెకరేటివ్ షాపులో ఇవ్వకండి. ఆయిల్ సీలు దగ్గర కొలత తేడా వస్తే బండి నూనె కక్కుతూనే ఉంటుంది.

నట్లు, బోల్టులకు క్రోమ్ వద్దు, జింక్ వేయించండి. జింక్ మీద పసుపు పచ్చగా మెరిసే పాసివేషన్ (జింక్‌ను కాపాడే పల్చటి పైపొర) కూడా చాలా చోట్ల క్రోమియం మందుతో చేసేదే. దాన్నీ కొందరు క్రోమ్ అనే అంటారు. ఇక స్టెయిన్‌లెస్ స్టీల్‌లో క్రోమియం కనీసం పదిన్నర శాతం లోపలే కలిసి ఉంటుంది. దానికి పూత అక్కర్లేదు, పాలిష్ చాలు. ప్లాస్టిక్ మీది క్రోమ్‌కు దారి వేరు, మామూలు ప్లేటింగ్ షాపులో అది కుదరదు. స్ప్రే డబ్బాల్లో అమ్మే క్రోమ్ పెయింట్ చేతి గోరుకు నిలవదు, పెట్రోల్ పడితే అసలు ఉండదు. సైలెన్సర్‌కు అది కొట్టిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

అసలు ప్లేటింగ్ అవసరమా?

చాలాసార్లు అవసరం ఉండదు. చపాతీలు చుట్టే సిల్వర్ ఫాయిల్‌ను ఉండ చేసి, నీళ్లలో ముంచి, తుప్పు మచ్చల మీద మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం వదులుతుంది. మా బండి హెడ్‌లైట్ రింగు ఇలాగే బతికింది. అరగంట రుద్ది, తుడిచి, ఆరబెట్టి, మైనం పాలిష్ పట్టించాను. ఇప్పటికీ అదే రింగు ఉంది.

రుద్దాక ఆ మచ్చ మీద గోరు ఆనించి లాగండి. గోరు గుంటలో తట్టుకుంటే, లేదా పొర పొట్టులా లేస్తుంటే, అప్పుడే ప్లేటింగ్ సంగతి ఆలోచించాలి. నికెల్ పల్చగా పడ్డ చోట సూదిమొనంత రంధ్రాల్లోంచి తేమ ఇనుము దాకా దిగి, అక్కడ తుప్పు పుట్టి, పైపొరను లేపుతుంది. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం తుడవకండి. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పుతో పాటు క్రోమ్‌నూ తినేస్తుంది.

షాపుకు తీసుకెళ్లే ముందు

ప్రతి ముక్కనూ విడదీయండి. రబ్బరు, బుష్, స్ప్రింగు ఏదీ దాని మీద ఉండకూడదు. విడదీయకముందు ఒకటి, విడదీశాక ఒకటి ఫోటో తీసుకోండి. కాగితం చీటీలు, స్టిక్కర్లు కాస్టిక్ నీళ్లలో మొదటి పది నిమిషాల్లోనే పోతాయి. కనబడని చోట సన్నగా పంచ్ గుర్తు కొట్టుకోండి. మా సామాను అంతటికీ నేను వర్క్‌షాప్‌లో నాన్నకిచ్చిన టోకెన్ నంబర్‌లోని చివరి రెండంకెలు కొట్టించాను.

ఏ ముక్క ఏ లోహమో అయస్కాంతంతో చూసి వేరు చేయండి. నేను తప్పు చేసింది ఇక్కడే. మొదట వెళ్లిన షాపులో అన్నీ ఒకే గోనె సంచిలో పోసి ఇచ్చేశాను. అందులో నాన్న అదనంగా పెట్టించుకున్న అద్దం క్లాంపు ఒకటి ఉంది. అది మజాక్, అంటే జింక్ పోత. షాపువాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. పాత పూత దింపడానికి అన్నింటితో పాటు దాన్నీ యాసిడ్‌లో వేశారు. జింక్‌కు యాసిడ్ తగిలితే ఏమవుతుందో ఏటా ల్యాబ్‌లో చూపించే టీచర్ని నేను. తిరిగి వచ్చిన ముక్క నానిన బెల్లం అచ్చులా అంచులన్నీ కరిగిపోయి ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పాత సామాన్లు అమ్మే జుమేరాత్ బజార్‌లో అలాంటిదే దొరికింది గానీ, నాన్న వేళ్లు రోజూ తగిలిన ముక్క అది కాదు.

కాబట్టి గుర్తు పెట్టుకోండి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా, లోపలి వైపు గీకితే పసుపుగా కనిపిస్తే ఇత్తడి. తెల్లబూడిద రంగులో ఉండి చేతికి బరువుగా తగిలితే మజాక్. తేలిగ్గా ఉంటే అల్యూమినియం. మజాక్, అల్యూమినియం రెండింటినీ వేరే సంచిలో పెట్టి, పేరు చెప్పి, విడిగా ఇవ్వండి. వాటికి ముందుగా వేరే రకం పూతలు పడాలి, అన్ని షాపులూ చేయవు.

స్ప్రింగులు, యాక్సిల్, హైటెన్సైల్ బోల్టులు (ఎక్కువ బలం మోసే గట్టి ఉక్కువి) ప్లేటింగ్‌కు ఇవ్వకపోవడమే మంచిది. యాసిడ్‌లోనూ, ప్లేటింగ్‌లోనూ పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. పైకి తళతళలాడుతూనే ఒక రోజు పుటుక్కున విరుగుతుంది. తప్పనిసరైతే, పూత పడిన కొన్ని గంటల్లోపే దాదాపు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచాలి. ఆ ఓవెన్ ఉన్న చోటే ఇవ్వండి.

యెజ్డీ లాంటి టూ స్ట్రోక్ బండి సైలెన్సర్ లోపల నూనె మసి గడ్డకట్టి ఉంటుంది. అది కొంచెం ఉన్నా తొట్టిలోకి కారి పూత పొక్కుతుంది. మెకానిక్ చేత బఫిల్ (మోత తగ్గించే లోపలి గొట్టం) తీయించి, మసి కాల్పించి, గీకించి, అప్పుడు ఇవ్వండి. సొట్టలు, వెల్డింగులు ఉంటే అవీ ముందే సరిచేయించాలి. ప్లేటింగ్ సొట్టను నింపదు, ఇంకా బాగా చూపిస్తుంది.

షాపులో అడగాల్సినవి

రెండోసారి నాకు దొరికిన షాపు బాలానగర్ లోపలి సందుల్లో, లేత్ మిషన్ల మోత మధ్య ఉండే రెండు గదులది. కాడను షాపు భాయ్ చేతిలో పెట్టి, "క్రోమ్‌కు ఎంత అవుతుంది?" అన్నాను. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి తిప్పి చూసి, "మేడమ్, క్రోమ్‌కేముంది, రెండు మూడు నిమిషాల పని. పనంతా పాలిష్‌లనే ఉంటది" అన్నాడు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

బఫింగ్ గదిలో బట్ట చక్రం గిర్రున తిరుగుతుంటే ఒక కుర్రాడు దానికి పచ్చటి సబ్బు కడ్డీ ఆనించి, తర్వాత కాడను ఆనిస్తున్నాడు. ఆ పచ్చ రంగు క్రోమియం ఆక్సైడ్‌ది. అంటే క్రోమ్ పూత పడకముందే క్రోమ్ అక్కడ పని మొదలుపెట్టింది. కాడ మీది గుంటలు ముతక చక్రం మీద పోయాయి, గీతలు నడిమి చక్రం మీద పోయాయి, పచ్చ సబ్బుతో దాని వంపులో ట్యూబ్‌లైట్ కనబడసాగింది. వద్దన్నా ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది, మాస్కు పెట్టుకునే లోపలికి వెళ్లండి.

అక్కడ ఇవి అడగండి. నికెల్ కింద రాగి వేస్తారా? గుంటలున్న పాత సామానుకు రాగి చాలా మేలు చేస్తుంది. రాగి వేసి, మళ్లీ బఫ్ చేస్తే చిన్న గుంటలు పూడిపోతాయి. నికెల్‌లో ఎంతసేపు ఉంచుతారు? ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతో షాపు తెలిసిపోతుంది. మామూలు కరెంటుకు నిమిషానికి ముప్పాతిక మైక్రాన్ చొప్పున నికెల్ పడుతుంది. బయట తిరిగే బండికి ఇరవై మైక్రాన్లయినా కావాలంటే దాదాపు అరగంట. "ఐదు నిమిషాలు చాలు" అంటే అది గిల్టు నగ లెక్క. పైన పటారం, లోన లొటారం. ఒక్క వానాకాలం గడవదు.

మరలున్న చోట మైనమో, టేపో వేసి మూయమనండి. లేకపోతే పూత పేరుకుని బోల్టు ఎక్కదు. వేలాడదీసే రాగి తీగ పట్టిన చోట మచ్చ మిగులుతుంది కాబట్టి, తీగ ఎక్కడ కట్టాలో మీరే చూపించండి. ధర ముక్కకు ఎంతో, అందులో పాలిష్ కలిసిందో లేదో, పొక్కితే మళ్లీ చేస్తారో లేదో ముందే మాట్లాడుకోండి.

ఇంకో ప్రశ్న మీ కోసం కాదు, అక్కడ పనిచేసేవాళ్ల కోసం, మన ఊరి కోసం: "కడిగిన నీళ్లు ఎటు పోతాయి?" క్రోమ్ తొట్టిలో ఉండేది లీటరుకు దాదాపు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్, దానికి నూరో వంతు సల్ఫ్యూరిక్ యాసిడ్. ముదురు నారింజ రంగులో ఉంటుంది. కరెంటు ఇచ్చేసరికి అందులో ఎక్కువ భాగం లోహాన్ని తేవడానికి కాకుండా హైడ్రోజన్ పుట్టించడానికే పోతుంది. ఆ బుడగలు పగిలి సన్నటి తుంపర లేస్తుంది. అందులో ఉండేది హెక్సావలెంట్ క్రోమియం, అంటే క్రోమియంలో విషపు రూపం, క్యాన్సర్ కారకం. ఏళ్ల తరబడి పీల్చితే ముక్కు నడిమి గోడకు రంధ్రం పడుతుంది, చర్మం మీద మానని పుండ్లు పడతాయి. తొట్టి పక్కన పొగ లాగే గొట్టం, పనివాళ్లకు గ్లోవ్స్, బూట్లు ఉన్నాయో లేదో చూడండి. నీళ్లను శుద్ధి చేసే పద్ధతి మా ల్యాబ్ ప్రయోగం లాంటిదే. బైసల్ఫైట్ కలిపితే నారింజ పోయి పచ్చ అవుతుంది, అంటే క్రోమియం తక్కువ హాని చేసే రూపంలోకి మారింది. ఆ తర్వాత సున్నం వేస్తే బురదగా కిందికి దిగుతుంది. తాగునీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణాలు చెబుతున్నాయి. కూకట్‌పల్లి నాలా చివరికి హుస్సేన్ సాగర్‌లోకే వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న షాపుకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లోనే బకెట్లో క్రోమ్ చేసుకోవచ్చనే వీడియోలు పిల్లలు చూస్తున్నారు. దయచేసి చేయకండి. రాగి పూత కాపర్ సల్ఫేట్‌తో స్కూల్ ప్రయోగంగా చేసుకోండి, చాలు.

తిరిగి తీసుకునేటప్పుడు

పగటి వెలుతురులో చూడండి. నీలి ఛాయ ఉంటే క్రోమ్ పడింది, పసుపు ఛాయ ఉంటే నికెలే కనబడుతోంది. లోతైన వంపుల్లో, మూలల్లో కొంచెం పసుపు మిగలడం మోసం కాదు. క్రోమ్ తొట్టిలో కరెంటు మూలల్లోకి సరిగా చేరదు. పైకి కనబడే చోట పసుపు ఉంటే మాత్రం మళ్లీ చేయమనండి. అంచుల దగ్గర బూడిద రంగులో గరుకుగా ఉంటే కరెంటు ఎక్కువై మాడిందన్నమాట. దినపత్రిక దగ్గర పెట్టి చూడండి. అక్షరాలు వంకర్లు పోకుండా కనబడితే పాలిష్ బాగుంది. గమ్ టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. పొర లేస్తే అక్కడే తెలిసిపోతుంది, ఇంటికొచ్చాక గొడవ పడే పని ఉండదు.

హ్యాండిల్ లాంటి బోలు ముక్కల లోపల యాసిడ్ నీళ్లు మిగులుతాయి. ఇంటికి రాగానే వంటసోడా కలిపిన నీళ్లు లోపలి నుంచి పారించి, మంచినీళ్లతో కడిగి, ఎండలో నిలువుగా ఆరబెట్టండి. ఆ తర్వాత లోపల కాస్త నూనె పట్టించండి. ఈ పని చేయకపోతే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది.

మా కాడ తిరిగి వచ్చినప్పుడు చుట్టూ తిప్పి చూశాను. ఆ నాలుగు రంగుల వలయం లేదు. ఎక్కడ చూసినా నా ముఖం, వెనకాల మా వేపచెట్టు. బిగించే ముందు లోపలి అంచున పంచ్ గుర్తు తడిమాను, పూత కిందనుంచి రెండంకెలు వేలికి తగులుతున్నాయి.

ఇంకొకటి. కొత్త సైలెన్సర్ బిగించాక మొదటిసారి స్టార్ట్ చేయకముందే, మెత్తటి బట్టతో వేలిముద్రలన్నీ తుడిచేయండి. లేకపోతే వేడికి ఆ జిడ్డు కాలి గోధుమరంగు మచ్చలై కూర్చుంటుంది, ఎంత రుద్దినా పోదు. నేను రెండు సైలెన్సర్లూ రెండుసార్లు తుడిచాను. మా తమ్ముడు కాడను లోపలికి నొక్కి పైకి తిప్పాడు. మూడో కిక్కుకు బండి అందుకుంది.